పళ్లచక్రానికి బొట్టు

పాకాలలో చిత్తూరు రోడ్డు వార, వేపచెట్టు నీడలో ఒక పాత లారీ నోరు తెరుచుకుని నిలబడి ఉంది. రేడియేటరు దించేశారు. ఫ్యాను విప్పేశారు. ఇంజను ముందుమూత తీసి గోనెసంచి మీద పెట్టారు. లోపల ఉండే టైమింగ్ చైను సాగిపోయి పళ్లచక్రాల మీద వదులుగా వేలాడుతోంది. అది చేసే చప్పుడుకు భయపడి దామోదరం కొంతకాలంగా లారీని కొండల్లోని ఘాటు రోడ్లు ఎక్కించడమే మానేశాడు.

ఆ చైను మార్చడానికి ఇద్దరు మగవాళ్లు పూనుకున్నారు. ఒకడు లారీ నడిపే దామోదరం, నాగరత్నమ్మ మొగుడు. ఇంకొకడు ఆమె అన్న ఏకాంబరం. చిత్తూరులో ఒక షెడ్డులో మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు తానే మేస్త్రీ అనిపించుకుంటున్నవాడు. షెడ్డులో చోటు దొరకలేదు, మామిడికాయల కాలం వస్తోందంటే ప్రతివాడికీ అప్పుడే లారీ గుర్తొస్తుంది. అందుకని ఇంటి ముందే విప్పి బిగిద్దామనుకున్నారు. ఇద్దరూ పనిమంతులే. వచ్చిన చిక్కల్లా వాళ్లిద్దరి మధ్య మాటలు లేకపోవడమే.

"రత్నా, ఆ పెద్ద స్పానరు ఇట్ల ఇయ్యమను," అంటాడు ఏకాంబరం ఇంజనులో తల దూర్చి. స్పానరు దామోదరం చేతిలోనే ఉంటుంది. చెయ్యి చాస్తే అందే దూరం. అయినా నాగరత్నమ్మ పులుసు గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికి వచ్చి, "ఇదో, పెద్ద స్పానరు కావల్నంట," అంటే తప్ప ఆ చెయ్యి కదలదు.

"ఇచ్చినానని సెప్పు," అంటాడు దామోదరం, ఇచ్చేశాక.

ఇచ్చిన సంగతి పుచ్చుకున్నవాడికి తెలియదా అని అడగకూడదు. అడిగితే ఇద్దరికీ కోపం వస్తుంది. ఆ కోపాన్ని కూడా ఆమే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మోయాలి. ఆడదాని మాటకు విలువ లేదంటారు గాని, ఆ ఇంట్లో నాగరత్నమ్మ మాట లేనిదే ఒక్క నట్టు కూడా తిరిగేది కాదు.

ఇంతకీ గొడవ ఆస్తి కోసమా అంటే కాదు. ఒక ఒడి కోసం.

పోయిన మాఘంలో నాగరత్నమ్మ తన కూతురు అలివేలుకు కొండ మీద గుండు కొట్టించి, మర్నాడు ఇంటి ముంగిట్లో చెవులు కుట్టించింది. బిడ్డను మేనమామ ఒళ్లో కూచోబెట్టి కుట్టించడం మా వైపు పద్ధతి. మేనమామ లేనివాళ్లు వరసకు ఎవర్నో ఒకర్ని వెతుక్కుంటారు గాని, గుండ్రాయిలాంటి మేనమామ ఉండగా ఇంకొకరి ఒడి అడగడం ఎక్కడా లేదు. ఆ రోజుకే కోలారుకు బెల్లం లోడు ఒప్పుకుని ఉన్నారు. తండ్రి ఇంట్లో లేకపోతే ఎట్లా అని ఏకాంబరమే ముందుకొచ్చి, "నువ్వు బిడ్డ పని సూసుకో బావా, లోడు నేను దించి తెల్లారేసరికి వచ్చేస్తా," అని లారీ ఎక్కాడు. తిరుగుదారిలో మొగిలి ఘాటులో లారీ మొరాయించింది.

ఇక్కడ చెవులు కుట్టే ఆచారి సూది పట్టుకుని కూచున్నాడు. రాహుకాలం ముంచుకొస్తోందని పంచాంగం చూసే పెద్దాయన తొందరపెట్టాడు. వచ్చిన చుట్టాలు గొణుక్కున్నారు. దామోదరం రోడ్డు వైపు చూసి చూసి, చివరికి విసుగు పుట్టి, నాగరత్నమ్మ చిన్నాయన కొడుకును పిలిచి వాడి ఒళ్లో బిడ్డను కూచోబెట్టాడు. రెండో చెవి కుట్టి, బిడ్డ ఏడుపు లంకించుకున్న గడియకే ఏకాంబరం లారీ దిగాడు. మోచేతుల దాకా గ్రీజు. చంకలో బిడ్డకు తెచ్చిన కొత్త గౌను పొట్లం. వాకిట్లో నిలబడి చూశాడు. పొట్లం తిన్నె మీద పెట్టి, దాని మీద లారీ తాళం పెట్టి, మంచినీళ్లన్నా ముట్టకుండా వెళ్లిపోయాడు.

"లారీ నిలిసిపోయిందంట! యాడో పండుకోని ఉంటాడు," అన్నాడు దామోదరం ఆ రోజు, నలుగురిలో. ఆ మాట చిత్తూరు చేరడానికి ఎంతసేపు? "పచ్చి అబద్ధం. సొంత మేనకోడల్ని ఒళ్లో కూసోబెట్టుకునేది కూడా నాకు దక్కనీకుండా చేసినాడు," అని ఏకాంబరం అన్న మాటా అంత వేగంగానే పాకాలకు వచ్చింది. అప్పట్నుంచి ఇంతే. తప్పు ఎవరిదంటే నాగరత్నమ్మ ఒక రోజు మొగుడిదంటుంది, ఒక రోజు అన్నదంటుంది. ఒళ్లు మండిన రోజున ఇద్దరిదీ అంటుంది.

ఆ లారీ ఇద్దరిదీ. నాగరత్నమ్మ నాయన కుప్పుస్వామి పోతూ పోతూ కొడుక్కీ అల్లుడికీ ఉమ్మడిగా అప్పజెప్పి పోయాడు. దామోదరం నడుపుతాడు, ఏకాంబరం బాగుచేస్తాడు. ఇప్పుడు రేణిగుంటలో నాలుగు లారీలు తిప్పే మునిరామయ్య, అమ్మేటట్టుంటే చెప్పమని కబురు పెట్టాడు. చైను మార్చి చూద్దాం, నడిస్తే ఉంచుకుందాం, నడవకపోతే మునిరామయ్యకు తోలేద్దాం అని ఇద్దరూ అనుకున్నారు. అనుకున్నారంటే, నాగరత్నమ్మ చేత అనిపించుకున్నారు. లారీ ఉన్నంతకాలం ఏదో ఒక రిపేరు పేరు చెప్పి అన్న ఈ వాకిట్లోకి వస్తాడు. నీళ్లు తాగకపోయినా, తిన్నె మీద కూచోకపోయినా, కళ్లకు కనిపిస్తాడు. లారీ పోయిందంటే అతనికి ఈ ఊరు బస్సు ఎక్కే పని కూడా ఉండదు. నాయన లేడు, అమ్మ లేదు, పుట్టింటి నుంచి తనకు మిగిలింది ఈ ఒక్క మనిషి. ఆ ఇంజను నడవాలని ఆ ఇద్దరి కంటే ఎక్కువగా కోరుకున్నది ఆమే.

గురువారం మధ్యాహ్నం ఏకాంబరం పాత చైను విప్పాడు. దాంతో పాటు చిన్న చక్రం, పెద్ద చక్రం కూడా బయటికి తీసి, కిరసనాయిల్లో కడిగి, వసారాలో పీట మీద పెట్టాడు. పాత చైను సంచిలో వేసుకుని, దానికి సరిపోయే కొత్తది తేవడానికి బయల్దేరుతూ చెల్లెల్ని పిలిచాడు.

"రత్నా, ఆ చక్రాల్ని ఎవుర్నీ తాకనీయమాకు. ఇనబడిందా?"

"యాల తాకనిస్తాను? నువ్వు పోయిరాన్నా," అంది ఆమె. ఎవర్నీ అంటే మొగుణ్ణి అని ఆమెకు అర్థమైంది. ఆ సాయంత్రం దామోదరం చక్రాల దగ్గరికి పోబోతే, పోనివ్వలేదు కూడా.

మర్నాడు శుక్రవారం. ఏకాంబరం మొదటి బస్సుకే వచ్చి, గ్రీజు కాగితంలో చుట్టిన కొత్త చైను వసారాలో పెట్టి, టీ తాగడానికి స్టేషను దగ్గరి అంగడికి వెళ్లాడు. చెల్లెలి ఇంట్లో పొయ్యి మీద పాలు మరుగుతున్నాయి. అయినా సరే, స్టేషను దగ్గరే తాగాలి. దామోదరం ఇంజనాయిలు తేవడానికి సైకిలేసుకుని అటు పోయాడు, ఏకాంబరానికి ఎదురుపడకుండా వేరే సందులోంచి.

నాగరత్నమ్మ తలంటి పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని వసారాలోకి వచ్చింది. లారీ ఉన్న ఇల్లంటే తెలియనిదేముంది? కొత్త టైరు వచ్చినా, కొత్త బ్యాటరీ వచ్చినా, పసుపూ కుంకుమా చూపించకుండా బండికి ఎక్కించరు. అలాంటిది ఇది ఇంజను గుండెకాయలో వేసే చైను. ఆమె కాగితం విప్పి చైనుకు ఒక కొసన ఇంత పసుపు రాసింది. కర్పూరం వెలిగించింది. కొండ వైపు తిరిగి ఏడుకొండలవాడికి దండం పెట్టుకుని, "సామీ, ఇది తిరగల్ల. ఇది తిరిగితే వాళ్ల మనసులు తిరుగుతాయి. నేనేం గుళ్లూ గోపురాలూ అడగలేదు," అని పైకే చెప్పుకుంది.

తర్వాత చక్రాల వైపు చూసింది. పెద్ద చక్రానికి ఒక పంటి మీద ఎర్రటి మచ్చ. చిన్న చక్రానికి ఒక పంటి మీద అలాంటిదే. బొట్టని పేరే గాని ఒక చోటా లేదు, ఒక రూపూ లేదు. ఒక అంచున, వంకరగా, అగ్గిపుల్లతో గీకినట్టు ఉంది. మా అన్నకు భక్తి ఉంది గాని చేతిలో నిదానం లేదు, అనుకుంది. ఆయుధపూజకు కూడా అతను పెట్టిన బొట్టు స్టీరింగు మీద ఒకలాగా, హెడ్‌లైటు మీద ఒకలాగా ఉంటుంది. ఆమె కిరసనాయిలు గుడ్డ తీసుకుని ఆ రెండు మచ్చల్నీ శుభ్రంగా తుడిచేసింది. నూనె చేరిన ఇనుము మీద పొడి కుంకుమ నిలవదని వేరుశనగ నూనెలో రంగరించి, ఉంగరం వేలితో, పీట మీద చక్రం ఎలా ఉందో అలాగే చూసుకుని, సరిగ్గా పైన నడిమధ్య పంటి మీద గుండ్రటి బొట్టు పెట్టింది. పెద్దదానికొకటి, చిన్నదానికొకటి. ఇప్పుడు చూడ్డానికి కళగా ఉన్నాయి.

ఆమె తుడిచింది బొట్టు కాదు. ఇంజను నడవాలంటే ఈ చక్రం పన్ను, ఆ చక్రం పన్ను సరిగ్గా ఎదురెదురుగా వచ్చేటట్టు చైను వెయ్యాలి. ఆ చక్రాలు ఎప్పుడో పాతసామాన్ల గుజిరీలో దొరికినవి తెచ్చి వేసినవి, వాటి మీద పుట్టుగుర్తులేమీ లేవు. అందుకని ఏకాంబరం విప్పే ముందు, లారీ వెనక అక్షరాలు రాయగా మిగిలిన ఎర్ర రంగులో అగ్గిపుల్ల ముంచి, ఎదురెదురు పళ్లకు తానే గుర్తు పెట్టుకున్నాడు. ఆ సంగతి మామూలుగా అయితే దామోదరానికి చెప్పేవాడు, దామోదరం ఇంట్లో చెప్పేవాడు. ఇప్పుడు చెప్పుకునే దారి లేదు. ఆమెతో మోయించే మాటల్లో స్పానర్లూ నట్లూ ఉన్నాయి గాని, గుర్తుల సంగతి లేదు.

పొద్దు కాస్త పైకెక్కాక పని మొదలైంది. ఏకాంబరం రెండు చక్రాల్నీ చైనులో ఇమిడ్చి, ఎర్ర చుక్కలు ఎదురెదురుగా వచ్చేటట్టు చూసుకుని, ఎత్తి ఇంజనుకు పట్టించాడు. చైను కొసన ఉన్న పసుపు చూసి చిన్నగా నవ్వుకున్నాడు గాని ఏమీ అనలేదు. పెద్ద చక్రం షాఫ్టుకు కలవడానికి కాస్త ఇబ్బంది పెట్టింది. షాఫ్టును ఇంత తిప్పాల్సి వచ్చింది. చైను తీసినప్పుడు స్ప్రింగుల తోపుకు కదిలి ఉంటుందిలే అని సరిపెట్టుకుని నట్లు బిగించాడు.

"రత్నా, హ్యాండిలు ఏసి మెల్లింగా తిప్పమను. బలం పెట్టొద్దను."

"ఇదో, మెల్లింగా తిప్పల్నంట. బలం పెట్టొద్దంట."

దామోదరం ముందుకొచ్చి హ్యాండిలు తగిలించి తిప్పాడు. ఇంజెక్టర్లు ముందే ఊడదీసి ఉంచారు కాబట్టి ఇంజను నిట్టూర్చినట్టు గాలి వదుల్తూ తేలిగ్గా తిరగసాగింది. చైను నూనెలో మెరుస్తూ కదిలింది. నాగరత్నమ్మ గుమ్మంలో నిలబడి చేతులు జోడించింది. ఇంకాస్త తిరిగింది. అంతలో ఠక్కున ఆగింది. దామోదరం చెయ్యి కూడా అక్కడే ఆగింది. పదిహేనేళ్లుగా బండి నడిపినవాడు గనక ఆ ఆగడం ఎలాంటిదో చేతికే తెలిసింది. లోపల వాల్వు పోయి పిస్టనుకు తగిలింది. మొండిగా ఇంకొక్క తిప్పు తిప్పితే వాల్వు వంగి, మొత్తం ఇంజనే విప్పాల్సి వచ్చేది.

"సరింగా ఎయ్యలేదని సెప్పు," అన్నాడు దామోదరం హ్యాండిలు వదిలేసి.

ఏకాంబరం లేచి నిలబడ్డాడు. ముఖం కందగడ్డ అయింది. "నేను పెట్టిన గుర్తుకు గుర్తు సరింగానే ఉండాది. నిన్న నేను పోయినంక ఎవురో చక్రాల్ని తాకినారని సెప్పు."

"నేను తాకలేదని సెప్పు. తాకబోతే నీ చెల్లెలే తాకనీయలేదని సెప్పు."

"తాకకపోతే ఎట్ల మారుతుంది? పనితనం లేనోడు పనోణ్ణి అంటాడని సెప్పు."

"పనితనం మొగిలి ఘాటులోనే సూసినామని సెప్పు."

నాగరత్నమ్మ ఒక్క మాట కూడా మోయలేదు. మోయాల్సిన అవసరమూ లేదు, ఇద్దరికీ బాగానే వినబడుతున్నాయి. ఏకాంబరం గుడ్డతో చేతులు తుడుచుకుని, సామాన్లు ఒక్కొక్కటే సంచిలో వేయడం మొదలుపెట్టాడు. అతను అరిచి ఉంటే ఆమె అంత భయపడేది కాదు. స్పానర్లను సైజు వారీగా సర్దుతున్నాడు, ఇక విప్పనక్కర్లేని మనిషిలాగా.

"మునిరామయ్యకు కబురు పెట్టమను రత్నా. ఉన్నదున్నట్టు తోలుకుపొమ్మను. ఇంగ ఈ బండితో నాకు పనిలేదు."

"ఈ పొద్దే పెడతానని సెప్పు," అన్నాడు దామోదరం.

ఏ దేవుడికి ఏం తక్కువ చేశాను, పొద్దున్నే దండం పెట్టుకున్నానే, శుక్రవారం పూట బొట్టు పెట్టానే అనుకుంటూ ఆమె ఇంజను వైపు చూసింది. నల్లటి చక్రాల మధ్య రెండు ఎర్ర చుక్కలు. గుండ్రంగా, ముచ్చటగా. తన ఉంగరం వేలి కొలత. అన్న నోట వచ్చిన 'నేను పెట్టిన గుర్తు' అన్న మాట అప్పుడు చెవికెక్కింది. పొద్దున తాను తుడిచేసినవి గుండ్రంగా లేవు. అగ్గిపుల్లతో గీకినట్టు ఉన్నాయి.

ఆమె గుమ్మం పట్టుకుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గుర్తులు అన్న పెట్టినవే అనుకుంటాడు అన్న, అన్నకు పని రాదనుకుంటాడు మొగుడు. తన జోలికి ఎవరూ రారు. ఇద్దరి కోపానికీ తాను ఎప్పుడూ ఎడంగానే ఉంది, అందుకే ఇన్నాళ్లూ ఇద్దరికీ కావలసినదైంది. చెబితే ఇప్పుడు ఇద్దరూ తన మీదే పడతారు. అన్నకు రావడానికి బండీ ఉండదు, చెల్లెలి మీద మనసూ ఉండదు. అలాగని ఊరుకుంటే? తాను చేసిన తప్పును ఈ ఇద్దరూ ఒకరి నెత్తిన ఒకరు రుద్దుకుని, బతికున్నంతకాలం మోస్తారు. ఏకాంబరం సంచి మూతి తాడుతో బిగిస్తున్నాడు.

"అన్నా, ఆ గుర్తులు నువ్వు పెట్టినవి గాదు," అంది. మళ్లీ అంది, ఈసారి గట్టిగా. "నువ్వు పెట్టినవి నేను తుడిసేసినాను. బొట్టు వంకరగా ఉండాదనుకున్నాను. ఈ రెండూ నేను పెట్టిన బొట్లు. శుక్రవారం గదా అని పెట్టినాను."

ఏకాంబరం చేతిలో తాడు అక్కడే ఆగింది.

"బొట్టా?" అన్నాడు ఏకాంబరం. ఇంజను దగ్గరికి వంగి, చుక్కను వేలితో తుడిచి, వాసన చూశాడు. "కుంకుమ! ఓసి నీ పాసుగాల! ఇంజను లోపల చక్రానికి బొట్టు ఎవురైనా పెడతారా మే? అది ఏమన్నా ముత్తైదువా?"

"పైన పెడితే సరిపోదా? బానెట్టు ఎంత ఉండాది! ఆడ పెట్టొచ్చు గదా!" దామోదరం కూడా అందుకున్నాడు. "నన్నేమో పక్కకు కూడా పోనీయకపోతివి. పెద్ద కాపలా మనిషి మాదిరి కూసోని, నువ్వే తుడిసేస్తివా?"

"ఎవుర్నీ తాకనీయమాకు అంటే నీకేమని ఇనబడింది?"

"దానికేం ఇనబడుతుంది?" అన్నాడు దామోదరం. "నేనొకటి సెబితే అదొకటి సేస్తాది. మొన్న బ్యాటరీకి కొబ్బరికాయ కొట్టి నీళ్లన్నీ దాని మీదే పోసింది, సూడు బావా, ఆ పొద్దు నా బాధ ఎవురికి సెప్పుకోవల్ల?"

"బ్యాటరీ మీదనా!" అన్నాడు ఏకాంబరం. "సిన్నప్పుడు ఇంతే బావా. నాయన కొత్త పంపుసెట్టు తెస్తే పసుపునీళ్లు కడిగిందే, మోటారు కాలిపాయె. నాయన నన్ను కొట్టినాడు."

"నిన్నా? దీన్ని గాకుండా?"

"దీన్ని ఎవురు కొడతారు బావా? ముద్దుల కూతురు గదా."

నాగరత్నమ్మ కళ్లు తుడుచుకోవడానికి ఎత్తిన కొంగు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. వాళ్లిద్దరూ తన మీద విరుచుకుపడుతున్నారు. ఒకరు అన్నదానికి ఇంకొకరు వంత పాడుతున్నారు. పంపుసెట్టు సంగతిలో తన తప్పేమీ లేదు, పసుపునీళ్లు పోయమన్నది అమ్మ. ఆ మాట నోటి దాకా వచ్చింది. మింగేసింది. తిట్టండి నాయనా, ఇంకా తిట్టండి, అనుకుంది. పెళ్లయిన నాటి నుంచి ఇంత తృప్తిగా ఆమె ఎన్నడూ తిట్లు తినలేదు.

తిట్టడానికి మాటలు అయిపోయాక ఇద్దరూ ఇంజను వైపు తిరిగారు. గుర్తులు పోయాయి. మరి చైను ఎక్కడ వెయ్యాలో ఎలా తెలుస్తుంది? ఏకాంబరం గడ్డం గోక్కున్నాడు. దారి ఉంది గాని, ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చైను విప్పేసి, ఒకటో పిస్టను సరిగ్గా పైకొచ్చి నిలిచే చోటు పట్టుకోవాలి. ఆ తర్వాత చివరి సిలిండరు వాల్వులు రెండూ సమంగా నిలిచే చోటు పట్టుకోవాలి. ఆ రెండూ కుదిరిన చోట చైను వెయ్యాలి. ఒకరు కింద తిప్పాలి, ఒకరు పైన చూడాలి. చూసేవాడు ఆపమన్న గడియలో తిప్పేవాడు ఆపాలి.

దామోదరం మడ్‌గార్డు ఎక్కి, ఇంజెక్టరు తీసిన బొక్కలో సన్నటి సైకిలు చువ్వ దించి, దాని కొసను రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ఏకాంబరం కింద హ్యాండిలు దగ్గర కూచున్నాడు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు.

"తిప్పు బావా. మెల్లింగా. పైకొస్తా ఉండాది. ఇంకా. ఇంకా. ఆపు."

ఏకాంబరం ఆపాడు.

"ఒక్క రవ్వ ఎనక్కి. అంతే. నిలిసింది."

నాగరత్నమ్మ చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్లి, బియ్యం కడిగి, ఎసట్లో పోసింది. కిటికీలోంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఇప్పుడు కింద పెద్ద చక్రం షాఫ్టును తిప్పుతున్నాడు ఏకాంబరం, పైన వాల్వుల్ని చూస్తున్నాడు దామోదరం. ఎండ ముదిరింది. పని అంత తొందరగా తెమిలేది కాదు. కాస్త తిప్పడం, ఆగడం, మళ్లీ ఇంకాస్త తిప్పడం. ఆమె పప్పు ఎనుపుతూ ఒక చెవి అటే వేసింది.

"ఒకటి మూసుకుంటా ఉండాది. రెండోది ఇంకా లేవలేదు. తిప్పు," అన్నాడు దామోదరం. కాస్త ఆగి, అదే గొంతుతో అన్నాడు. "ఆ పొద్దు ఆచారిని ఇంకొంచేపు ఆపి ఉండాల్సింది బావా. ఆపలేదు నేను."

నాగరత్నమ్మ పప్పుగుత్తి తిప్పడం మానేసింది.

"అందురూ నన్నే సూస్తా ఉండిరి," అన్నాడు దామోదరం మళ్లీ. "నువ్వు పండుకోని ఉంటావని నేను అనుకోలేదు. నోటికొచ్చి అనేసినాను."

కింద స్పానరు నేల మీద పెట్టిన చప్పుడైంది. అన్న లేచి వెళ్లిపోతున్నాడేమో అనిపించింది ఆమెకు. పప్పుగుత్తి పట్టుకునే కిటికీ వైపు ఒక అడుగు వేసింది.

"మొగిలి ఘాటులో," అన్నాడు ఏకాంబరం చివరికి, "డీజిలు పైపు పగిలింది బావా. నా సొక్కా సింపి కట్టినాను. దోవంతా అదే ఆలోసన, నా కోసరం బిడ్డను కూసోబెట్టుకోని ఉంటారు గదా అని." దగ్గి సర్దుకున్నాడు. "ఇంకా తిప్పల్నా? సాలా?"

"ఇంకొక్క రవ్వ," అన్నాడు దామోదరం. "అంతే. సమంగా వచ్చినాయి."

ఈసారి ఇద్దరూ కలిసి చైను ఎక్కించారు. ఒకరు చక్రాలు పట్టుకుంటే ఒకరు నట్లు బిగించారు. హ్యాండిలు వేసి తిప్పితే ఇంజను ఎక్కడా తట్టుకోకుండా చుట్లకు చుట్లు తిరిగింది. మూతలు బిగించి, రేడియేటరు ఎక్కించి, ఇంజెక్టర్లు వేసి, నీళ్లు పోసి, దామోదరం సెల్ఫు కొట్టేసరికి మధ్యాహ్నం దాటింది. రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ కక్కి, ఇంజను అందుకుంది. పాత గరగర లేదు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. మునిరామయ్య పేరు ఎవరూ ఎత్తలేదు.

ఏకాంబరం తొట్టి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని కడుక్కున్నాడు. పంచె కొంగుతో ముఖం తుడుచుకుంటూ, ఎవరూ పిలవకుండానే వసారా దాటి లోపలికి వచ్చి, దామోదరం పక్కన చాప మీద కూచున్నాడు. నాగరత్నమ్మ ఇద్దరికీ విస్తళ్లు వేసింది. వేడన్నం, పప్పు, దబ్బకాయ ఊరగాయ వడ్డించింది.

వాళ్లు మామిడి లోడ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. దామలచెరువు తోటల్లో కాయ ఎప్పుడు దిగుతుందో, ముందు ఎవరి సరుకు ఒప్పుకోవాలో, ఘాటు ఎక్కేటప్పుడు కొత్త చైనును కొన్నాళ్లు ఎలా చూసుకోవాలో. ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. మధ్యలో ఏకాంబరం ఊరగాయ ఇంకాస్త కావాలన్నట్టు చూశాడు.

"ఇదో, మా అన్నకు ఊరగాయ…" అని అలవాటు కొద్దీ మొగుడి వైపు తిరిగి మొదలుపెట్టింది నాగరత్నమ్మ.

"నువ్వుండు మే," అన్నాడు దామోదరం, జాడీ తానే అందుకుని బావ విస్తట్లో వేస్తూ. "ఏదో మాట్లాడుకుంటా ఉండాము గదా."

ఆమె గోడకు చేరబడి కూచుంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ పూట ఎవరూ ఆమెను ఎవరికీ ఏమీ చెప్పమనలేదు.